లాగిన టీని లాగించడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, మలేషియాలో దిగి టీ కొట్టు కనపడగానే వెళ్లి "వన్ టీ" అన్నారంటే ఏదో ఒకటి ఇస్తారు గానీ మీరు అనుకున్నది మాత్రం రాదు. అక్కడ టీని "తే" అంటారు. అవును, మనం "నీళ్లు తే, పేపర్ తే" అంటామే, చెవికి అదే తే. మొదటి రోజు గోడ మీద బోర్డు నేను చదివి వినిపిస్తుంటే మా మావయ్యగారు "ఏందమ్మాయ్, అన్నీ తే తే అని రాసుంది, తెచ్చేది వాళ్లు గదా, మనల్ని తెమ్మంటారేంది" అన్నారు. తే అంటే టీ, తారిక్ అంటే లాగడం, తే తారిక్ అంటే లాగిన టీ. లాగిన టీని ఎలా లాగించాలో చెప్పడానికే ఇదంతా.

మేముండేది చెన్నై పెరంబూర్‌లో. మావయ్యగారు గూడూరు నుంచి ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే రిటైర్ అయ్యారు, ఇంట్లో ఎంత మంచి టీ పెట్టినా సరే పొద్దున ఐదున్నరకి సందు చివర కొట్టుకి వెళ్లి మాస్టర్ చేతి టీ తాగితేగానీ ఆయనకి తెల్లారదు. మా ఆయనకి కౌలాలంపూర్‌లో ఆఫీసు పని పడితే మేమిద్దరం వెంట తగులుకున్నాం. ఆయన మీటింగుల్లో, మేం టీ కొట్లలో. ఐదు రోజుల్లో ఇద్దరం కలిసి ఇరవై రెండు గ్లాసులు, లెక్క మావయ్యగారిదే, పాకెట్ డైరీలో రాసుకున్నారు.

అసలు ఈ టీ ఏంటంటే, డస్ట్ టీ బాగా కడక్‌గా దించి, గుడ్డ సంచిలో వడగట్టి, అందులో కండెన్స్‌డ్ మిల్క్ పోసి, రెండు మగ్గుల మధ్య ఎత్తు నుంచి కిందకి మళ్లీ పైకి తిరగబోసి తిరగబోసి నురగ తెప్పిస్తారు. ఇందులో కొత్తేముంది, మన మాస్టర్ కూడా ఆత్తుతాడు, అంటే ఎత్తి తిరగబోస్తాడు కదా అంటారా, నిజమే, చెన్నైలో ఉన్నవాళ్లకి ఆత్తడం అంటే వేరే చెప్పక్కర్లేదు. తేడా పాలల్లో ఉంది. మనం పచ్చిపాలు కాచి పోస్తాం, పంచదార వేరే వేస్తాం. అక్కడ పాలు, తీపి రెండూ డబ్బాలోంచే వస్తాయి. చిక్కగా తేనెలా జారే ఆ పాలు టీలో కలవాలంటే చెంచాతో తిప్పితే చాలదు, అడుగున అంటుకుని కూర్చుంటాయి, అందుకే లాగుడు. లాగుతుంటే గాలి దూరి పాలు నురగ కడతాయి, ఆ పాలు చిక్కన కాబట్టి నురగ మన టీలోలాగా బల్ల మీదకి వచ్చేలోపు చచ్చిపోదు. పైగా పొగలు కక్కే టీ నోరు కాలకుండా తాగే వేడికి దిగుతుంది. మొదటి గుక్క తాగి మావయ్యగారు ఒకే మాట అన్నారు, "టీలో పాలకోవా కలిపినట్టుందే". నేను ఇంతకంటే బాగా చెప్పలేను.

దీన్ని అక్కడ మొదలుపెట్టింది కూడా మన పక్కోళ్లే. తమిళనాడు నుంచి వలస వెళ్లిన ముస్లింలు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక రబ్బరు తోటల గేట్ల దగ్గర కూలీల కోసం టీ అమ్మేవాళ్లని, అలా వచ్చిందని చెప్తారు. వాళ్ల కొట్లనే ఇప్పుడు "మామక్" అంటారు, ఆ మాట తమిళంలో మామ నుంచి వచ్చింది. మావయ్యగారికి ఇది చెప్పిన దగ్గర్నుంచి ఏ కొట్టుకెళ్లినా సొంత కొట్టుకి వచ్చినట్టు కాలు మీద కాలేసుకుని కూర్చోవడమే. 2024 డిసెంబర్‌లో యునెస్కో వాళ్లు మలేషియా పొద్దున టిఫిన్ సంస్కృతిని వారసత్వ జాబితాలో పెట్టారు, అందులో నసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం, రోటీ చనాయ్ అనే పరోటాతో పాటు ఈ తే తారిక్ కూడా ఉంది. మన సందు చివర టీకి చుట్టం అంత దూరం వెళ్లింది చూడండి.

సరే ప్రయాణం సంగతి గబగబా చెప్పేస్తా. చెన్నై నుంచి నాలుగు గంటల ఫ్లైట్. మన పాస్‌పోర్టుకి 2023 డిసెంబర్ 1 నుంచి 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు, ఆ వెసులుబాటు 2026 డిసెంబర్ 31 దాకా పొడిగించారు. ఎండీఏసీ అని డిజిటల్ అరైవల్ కార్డు ఒకటి ఉంది, దిగే రోజుకి ముందు మూడు రోజుల్లోనే ఆన్‌లైన్‌లో నింపుకోండి, ఫ్రీనే. టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అంటే మావయ్యగారి ఐదున్నర టీ అక్కడ ఎనిమిదికి పడుతుంది, సరిగ్గా రోటీ చనాయ్ పెనం మీద జోరుగా ఉండే టైమ్, అందుకే ఆయనకి జెట్‌లాగ్ గిట్‌లాగ్ ఏమీ లేదు.

ఇప్పుడు ఎక్కడ తాగాలి. హోటల్ బఫేలో మెషీన్ మీద తే తారిక్ అని రాసుంటుంది, బటన్ నొక్కితే వస్తుంది, వద్దు. అది సాచెట్ పొడి కలిపిన వేడి నీళ్లు. మాల్‌లో ఏసీ కేఫ్‌లో కూడా ఉంటుంది, లాట్టే గ్లాసులో వస్తుంది, రేటు మూడు రెట్లు, లాగేవాడు కనపడడు. మీకు కావాల్సింది పక్కలు తెరిచిన షెడ్డు లాంటి కొట్టు, స్టీలు బల్లలు లేదా ప్లాస్టిక్ కుర్చీలు, ఫుట్‌పాత్ దాకా పరిచి ఉంటాయి, ఓ పక్క పెనం మీద రోటీ కొట్టే మనిషి, ఇంకో పక్క టీ కౌంటర్, గోడకి పెద్ద టీవీ. చాలా మామక్‌లు 24 గంటలూ తెరిచే ఉంటాయి, అర్ధరాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ కుర్రాళ్లు కూర్చుని ఉంటారు. కేఎల్‌లో, అంటే కౌలాలంపూర్‌లో, ఇలాంటివి వీధికొకటి ఉంటాయి కాబట్టి పేరు పెట్టి చెప్పక్కర్లేదు, టీ కౌంటర్ మీకు కనపడే బల్ల దొరికే కొట్టు చూసుకోండి, అంతే నా టెస్టు. కేఎల్ సెంట్రల్ స్టేషన్ పక్కనే బ్రిక్‌ఫీల్డ్స్, అదే అక్కడి లిటిల్ ఇండియా, అరిటాకు భోజనం హోటళ్లు ఎక్కువ, ప్యూర్ వెజ్ వాళ్లు అక్కడికి పోతే నిశ్చింత, అక్కడ కూడా టీ లాగే ఇస్తారు. పెనాంగ్ దీవికి వెళ్తే ఇంకా మంచిది. అక్కడి జార్జ్‌టౌన్ ఊళ్లో నసి కందర్ అని చూస్తారు, కందర్ అంటే మన కావడి, అన్నం కూరలు కావడిలో మోసుకొచ్చి అమ్మేవాళ్లు కాబట్టి ఆ పేరు.

మొహమాటం అక్కర్లేదు, చాలా కొట్లలో తమిళం నడుస్తుంది. చెన్నైలో బతికే మనకి అది పెద్ద ప్లస్. కానీ అన్ని చోట్లా కాదు, బంగ్లాదేశ్ కుర్రాళ్లు కూడా చాలామంది పని చేస్తుంటారు, వాళ్లకి మీ తమిళం తెలీదు, మలయ్ మాటలు ఐదారు నేర్చుకుంటే ఎవరికైనా పనికొస్తాయి. పిలవడానికి "బాస్" అంటే సరిపోతుంది, అక్కడ అందరూ అందర్నీ బాస్ అనే అంటారు. "అణ్ణే" అన్నా పలుకుతారు.

కూర్చోగానే వెయిటర్ వచ్చి "మీనుమ్?" అంటాడు. తాగడానికేంటి అని. తినేది తర్వాత, ముందు తాగేదే అడుగుతాడు, మనం టిఫిన్ చెప్పేసి చివర్లో కాఫీ అంటాం కదా, అక్కడ తిరగేసి. అందుకే కూర్చునే లోపే టీ సంగతి తేల్చుకోండి, లేకపోతే వాడు నిలబడి ఉంటే కంగారులో ఏదో ఒకటి చెప్పేస్తారు. మేం చెప్పినట్టు.

ఏం జరిగిందంటే, మావయ్యగారికి షుగర్ ఉంది, మాత్ర వేసుకుంటారు. మొదటి రోజు నేను ఇంగ్లీషులో "నో షుగర్, నో షుగర్" అని రెండు సార్లు గట్టిగా చెప్పా. వాడు తలూపి వెళ్లి గ్లాసు నిండా నల్లగా, పాలు లేవు, నురగ లేదు, తీపి లేదు, వేప కషాయం లాంటిది తెచ్చి పెట్టాడు. తప్పు వాడిది కాదు, వాడి లెక్కలో అసలు తీపి లేని టీ అంటే అదే. దాని పేరు "తే ఓ కోసోంగ్". సాయంత్రం ఇంకో కొట్టులో తెలివిగా తమిళంలో "సక్కరై ఇల్లామ" అన్నా. ఈసారి నురగతో ముద్దొచ్చేలా వచ్చింది, మావయ్యగారు ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నారు. అది ఆనందమో భయమో తెలీలేదు, ఎందుకంటే బెల్లం పాకమంత తీపి. పంచదార వేయలేదు, నిజమే. కానీ కండెన్స్‌డ్ మిల్క్‌ని వాళ్లు పంచదార కింద లెక్కేయరు కదా! ఒక టేబుల్ స్పూన్ కండెన్స్‌డ్ మిల్క్‌లో దగ్గర దగ్గర రెండు టీ స్పూన్ల పంచదార ఉంటుంది, గ్లాసుకి అలాంటివి రెండు మూడు పడతాయి, మీరే లెక్కేసుకోండి.

కాబట్టి ఈ మాటలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఉత్త "తే" అంటే కండెన్స్‌డ్ మిల్క్ టీనే, కానీ లాగరు, చెంచా వేసి ఇస్తారు, మనమే అడుగు నుంచి కలుపుకోవాలి. "తే తారిక్" అంటేనే లాగుతారు. "తే ఓ" అంటే పాలు లేకుండా పంచదార వేసిన డికాక్షన్. "కోసోంగ్" అంటే ఖాళీ, సున్నా అని, "తే ఓ" పక్కన కోసోంగ్ చేరిస్తే తీపి కూడా పోతుంది. "తే సి" అంటే కండెన్స్‌డ్ బదులు ఎవాపరేటెడ్ మిల్క్, అంటే చిక్కబరిచిన పాలు, అందులో పంచదార ఉండదు, ఆ సి కార్నేషన్ అనే డబ్బా పాల బ్రాండు నుంచి వచ్చిందంటారు. ఇక్కడే మన షుగర్ పేషెంట్ల దారి ఉంది, "తే సి కోసోంగ్, తారిక్" అనాలి. పాలు ఉంటాయి, పంచదార ఉండదు, లాగి ఇస్తారు. నురగ కొంచెం పల్చన, ఆ పాలకోవా రుచి రాదు, అయినా మావయ్యగారికి మిగతా రోజులంతా నేను ఇప్పించింది అదే. ఆయన డైరీలో దాని పక్కన "ఫర్వాలేదు" అని రాసుంది, కండెన్స్‌డ్ దాని పక్కన ఏం రాయలేదు, చుక్క పెట్టారు.

షుగర్ లేని మనలాంటోళ్లకి కూడా మామూలు తే తారిక్ తీపి ఎక్కువే. "కురాంగ్ మానిస్" అంటే తీపి తక్కువ. పాలు కాస్త తగ్గించి పోస్తారు, టీ రుచి పైకి వస్తుంది, నా మాట విని మొదటి గ్లాసు నుంచే ఇలా చెప్పండి. ఈ మాట గుర్తుపెట్టుకోవడానికి మావయ్యగారు ఒక చిట్కా కనిపెట్టారు, చెన్నై తెలుగోళ్లకి తప్ప ఎవరికీ అర్థం కాదు. తమిళంలో కురంగు అంటే కోతి, తెలుగులో మనిషి అంటే మనిషే. "కురంగు మనిషి". మర్చిపోమన్నా మర్చిపోలేరు. సింగపూర్‌లో చైనీస్ కాఫీ కొట్లలో అయితే దీన్నే "సియు దాయ్" అంటారు, అక్కడి భారతీయ ముస్లిం కొట్లలో మాత్రం మన కోతి మనిషే పని చేస్తాడు. కడక్‌గా కావాలంటే "కౌ", అల్లం కావాలంటే "హలియా", చల్లగా ఐస్ వేసి కావాలంటే చివర్లో "ఐస్". ఒకటి సాతు, రెండు దువా, మూడు తిగ. అన్నీ కలిపి కొట్టండి చూద్దాం: "బాస్, తే తారిక్ కురాంగ్ మానిస్ సాతు, తే సి కోసోంగ్ తారిక్ సాతు". వెయిటర్ అక్కడి నుంచే కౌంటర్ వైపు తిరిగి అరుస్తాడు, మీరు చెప్పింది మీకే తిరిగి వినపడుతుంది, తప్పుంటే అప్పుడే సరిదిద్దేయొచ్చు.

అల్లం టీ గురించి ఒక్క మాట, తే హలియా వర్షం పడే సాయంత్రం అద్భుతం, కానీ మన ఇంట్లో దంచి వేసే అల్లం టీలా ఉంటుందని ఆశ పెట్టుకోకండి, దాని ఘాటు పాలల్లో మెత్తబడిపోతుంది.

ఆర్డర్ చెప్పాక ఫోన్ తీయకండి. కౌంటర్ వైపు చూడండి. నేను మూడో రోజు దగ్గరికెళ్లి నిలబడి చూశా. ముందు పొడుగు గుడ్డ సంచిలోంచి డికాక్షన్ దించాడు, ఆ గుడ్డ టీ పీల్చి పీల్చి కాకీ నిక్కర్ రంగుకి వచ్చేసింది. స్టీలు మగ్గులో ముందే పాలు జారవిడిచి పెట్టుకున్నాడు, మీద వేడి టీ పోశాడు. ఇంక మొదలు. కుడి చెయ్యి భుజం పైకి లేచింది, ఎడమ చెయ్యి నడుం కిందకి దిగింది, మధ్యలో దాదాపు మీటరు పొడుగు గోధుమరంగు తాడు. తాడు అనే అనాలి, ధార అంటే తక్కువైపోతుంది, ఎక్కడా తెగలేదు, చిందలేదు. నేను చూసిన విషయం ఏంటంటే, వాడి కళ్లు పైన పోసే మగ్గు మీద లేవు, కింద పట్టే మగ్గు మీదే ఉన్నాయి. ధార మొదలైనప్పుడు రెండు మగ్గులూ దగ్గరగానే ఉంటాయి, పోస్తూ పోస్తూ చేతులు దూరం జరుపుతాడు, అయిపోయే ముందు మళ్లీ దగ్గరకి తెస్తాడు. ఐదో ఆరోసారికి టీ రంగు మారింది, ఇటుకరంగు నుంచి లేత బిస్కెట్ రంగుకి. ఆఖరి లాగుడు నేరుగా గ్లాసులోకి, అదీ ఎత్తు నుంచే, నురగ అంచు దాటి గోపురంలా లేచి ఆగింది. ఈ లాగుడుకి అక్కడ పోటీలు కూడా పెడతారు, గుండ్రంగా తిరుగుతూ వీపు వెనక నుంచి లాగేవాళ్లున్నారు. మావయ్యగారు మాత్రం అంతా చూసి "మన మాస్టర్‌కి ఆ హైట్ లేదు గానీ చెయ్యి ఇంతే శుద్ధం" అని మన పెరంబూర్‌కి ఓటేశారు.

తాగేటప్పుడు రెండు జాగ్రత్తలు. నురగ చూసి చల్లారిందనుకోకండి, కింద ఇంకా వేడిగానే ఉంటుంది, నురగ మూతలా పని చేస్తుంది. అలాగని ఫోటోల కోసం పది నిమిషాలు పెట్టారంటే నురగ కుంగిపోయి పైన మీగడ తెట్టు మిగులుతుంది, రుచి కూడా బరువైపోతుంది. చెంచాతో తిప్పకండి, ఆల్రెడీ కలిసిపోయింది, తిప్పితే నురగ పాడవడం తప్ప లాభం లేదు. గ్లాసు పైకెత్తి ముందు నురగని పెదాలతో అందుకుని, దాని కిందనుంచి టీ వచ్చేలా తాగాలి. మీసం ఉన్నోళ్లకి మీసం తెల్లబడుతుంది, నవ్వకండి, అక్కడ ఎవరూ నవ్వరు.

తోడు రోటీ చనాయ్ ఉండాల్సిందే. మన పరోటాకి అక్కడి తమ్ముడు, ఇంకొంచెం పల్చన, కరకర. సింగపూర్‌లో దాన్నే ప్రాటా అంటారు. గుడ్డు వద్దంటే "రోటీ కోసోంగ్", కావాలంటే "రోటీ తెలుర్", ఉల్లిపాయ వేసింది "రోటీ బవాంగ్". వెజ్ వాళ్లు మాత్రం పక్కన పోసే కూర చూసుకోండి, అడక్కపోతే పప్పు మీద ఒక గరిట చేపల పులుసో కోడి కూరో వేసేస్తారు, "దాల్ సహాజ" అంటే పప్పు ఒక్కటే అని. చాలామంది రోటీని టీలో ముంచుకుని తింటారు, నాకైతే నచ్చలేదు, మావయ్యగారు మాత్రం మొదట్నుంచీ టీలో బన్ను ముంచుకునే పార్టీ కాబట్టి అక్కడి జనంలో కలిసిపోయారు. నా పద్ధతి వేరు, కారం పప్పుతో ఒక ముక్క, వెంటనే ఒక గుక్క టీ. ఆ కారం మీద ఆ తీపి పడితే, మిరపకాయ బజ్జీ తిని టీ తాగే సుఖం తెలిసినోళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు.

రాత్రి పదింటికి తాగితే నిద్ర పట్టదు, కడక్ డస్ట్ టీ అది, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

పార్సిల్ కావాలంటే "బుంగ్‌కుస్". ఇక్కడ ఒక తమాషా ఉంది, "ఇకాత్ తెపి" అని అడిగితే టీని ప్లాస్టిక్ కవర్లో పోసి, స్ట్రా గుచ్చి, ఓ పక్కకి దారంతో కట్టి చేతికి వేలాడదీసుకునేలా ఇస్తారు. మనకి కొత్త కాదు, తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఆ కవర్లు నిషేధించే దాకా మన ఆఫీసు బాయ్‌లు టీ అలాగే తెచ్చేవాళ్లు. నేను మాత్రం మోజుపడి వేడి తే తారిక్ ఇకాత్ తెపి కట్టించుకుని ట్యాక్సీ ఎక్కా. స్ట్రాతో వేడి టీ పీలిస్తే నాలుక కాలింది, కాలిందని కవర్ ఒళ్లో పెట్టుకుంటే ఒళ్లు కాలింది, చివరికి కిటికీ బయట చెయ్యి పెట్టి టీకి గాలి కొట్టించుకుంటూ హోటల్ దాకా వెళ్లా. కవర్లో ఐస్ టీ మాత్రమే తీసుకోండి, "తే ఐస్ ఇకాత్ తెపి". ఎండలో నడుస్తూ తాగడానికి దాన్ని మించింది లేదు.

బిల్లుకి "బాస్, కిరా" అంటే లెక్క కట్టమని. గ్లాసు రెండు మూడు రింగిట్లు ఉంటుంది, రింగిట్ అంటే మనకి ఇరవై రూపాయల పైనే. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి.

ఇంక ఇంటికొచ్చాక. పెరంబూర్‌లో దిగిన మర్నాడే మావయ్యగారు కొట్టుకెళ్లి అలవాటులో మాస్టర్‌తో "కురాంగ్ మానిస్" అనేశారు. మాస్టర్ గరిట పక్కన పెట్టి "ఎన్న సార్, యారు కురంగు?" అని, అంటే ఎవరు కోతి అని అడిగాడట. తర్వాత సంగతంతా చెప్పి నవ్వుకున్నారులెండి.

ఇంట్లో చేసుకోవాలంటే రెండు గ్లాసులకి 350 మిల్లీలీటర్ల నీళ్లు మరగబెట్టి, నాలుగు టీ స్పూన్ల నిండుగా డస్ట్ టీ వేసి, ఒక్క పొంగు రానిచ్చి స్టవ్ ఆపి ఐదు నిమిషాలు మూత పెట్టండి. ఆకు టీ, గ్రీన్ టీ, ఫ్లేవర్ టీ ఏవీ పనికిరావు, మనం రోజూ కొనే నీలగిరి డస్ట్ చాలు. అదే పనిగా మరిగిస్తే చేదు దిగుతుంది. గుడ్డలో వడగడితే నలక లేకుండా వస్తుంది, స్టీలు జాలీ అయితే అడుగున మడ్డి మిగిలి నోటికి తగులుతుంది. గ్లాసుకి రెండు టేబుల్ స్పూన్ల మిల్క్‌మెయిడ్ లాంటి కండెన్స్‌డ్ మిల్క్. ఎవాపరేటెడ్ మిల్క్ మనకి మామూలు షాపుల్లో దొరకదు, అర లీటరు ఫుల్ క్రీమ్ పాలు అడుగంటకుండా కలుపుతూ పావు లీటరుకి మరిగిస్తే పని జరుగుతుంది, గ్లాసుకి రెండు మూడు చెంచాలు అవి కూడా పోస్తే నురగ ఇంకా బాగుంటుంది. షుగర్ వాళ్లకి అయితే అవి ఒక్కటే.

లాగడానికి పిడి ఉన్న, మూతి ఉన్న రెండు స్టీలు మగ్గులు కావాలి. నేను మొదటిసారి గ్లాసు, డబరా పెట్టుకుని మీటర్ కాఫీ టైపులో మొదలుపెట్టా, రెండో లాగుడుకే సగం టీ గ్రానైట్ మీద, అక్కడి నుంచి స్టవ్ కిందకి. మామూలు టీ అయితే తుడిస్తే పోతుంది, ఇది కండెన్స్‌డ్ మిల్క్ కదా, సాయంత్రానికి చీమలు లైను కట్టి పండగ చేసుకున్నాయి. అప్పట్నుంచి సింక్‌లో నిలబెట్టి లాగుతున్నా. ముందు రెండు రోజులు చన్నీళ్లతో ప్రాక్టీస్ చేయండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. మగ్గులో సగానికి మించి పోయొద్దు. మగ్గుల్ని ముందే వేడి నీళ్లతో తొలిస్తే లాగేలోపు టీ మరీ చల్లారిపోదు. చూపు కింద మగ్గు మీదే, పైన చెయ్యి దానంతటదే వస్తుంది. జానెడు ఎత్తుతో మొదలుపెట్టి మూరెడు దాకా వెళ్తే చాలు, మీటరు మనకి అక్కర్లేదు, ఏడెనిమిది సార్లు లాగితే బొటనవేలు మందం నురగ గ్యారంటీగా వస్తుంది.

మిగిలిన కండెన్స్‌డ్ మిల్క్‌ని డబ్బాలోనే వదిలేయకండి, గాజు సీసాలోకి మార్చి మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, వారం పైన ఉంటుంది. ఉంటుంది అంటున్నా గానీ మా ఇంట్లో మాత్రం ఉండట్లేదు, నేను రెండు సార్లు టీ పెట్టేసరికే సీసా అడుగు కనపడుతోంది. మొన్న రాత్రి నీళ్ల కోసం లేచి చూస్తే ఫ్రిజ్ తలుపు తెరిచుంది, చెంచా చేతిలో ఉంది, "ఏం లేదమ్మాయ్, పాడైపోయిందేమోనని రుచి చూస్తున్నా" అన్నారు మావయ్యగారు.